కార్బన్‌కు రేషన్ కార్డా, పన్నా, వాటానా?

2012 సెప్టెంబరులో సబ్సిడీ గ్యాస్ బండలు ఇంటికి ఏడాదికి ఆరేనని కేంద్రం చెప్పింది. ఆ సాయంత్రం మా అమ్మ గ్యాస్ పుస్తకం తీసి, వెనకటి ఏడాది ఎన్ని బండలు వచ్చాయో లెక్కపెట్టుకుంది. తొమ్మిది. మర్నాటి నుంచి స్నానాల నీళ్ళు పెరట్లో కట్టెల పొయ్యి మీదికి మారాయి. నాలుగు నెలలు తిరిగేసరికి ఆరు కాస్తా తొమ్మిదయింది. ఇంకో ఏడాదికి, 2014 జనవరిలో, ఎన్నికలు ముంగిట్లో ఉండగా తొమ్మిది పన్నెండయింది. పన్నెండు బండలు కాల్చే ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు. పెరట్లో పొయ్యి చల్లారింది.

బర్మింగ్‌హామ్‌లో ఉండే మా బావతో ఆదివారాలు ఫోన్లో మాట్లాడేటప్పుడు నాకు ఆ పుస్తకమే గుర్తొస్తుంది. వాతావరణ మార్పు అంటే ఆయనకు నిద్ర పట్టదు. "మనిషికింతని కార్బన్ కోటా పెట్టి తలా ఒక కార్డు చేతిలో పెడితే పోదా? రేషన్ కార్డు మనవాళ్ళకేమన్నా కొత్తా?" అంటారు. కొత్త కాదు కాబట్టే నాకు అనుమానం. మా ఇద్దరి వాదనలో నలిగిన దారులన్నీ ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. మీ ఇంట్లోనో, మీ వాట్సాప్ గ్రూపులోనో ఈ మాట లేస్తే ఎటు నిలబడాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది.

ఈ కార్డు ఎవరిది

ఆలోచన బ్రిటన్‌ది. 1996లో డేవిడ్ ఫ్లెమింగ్ అనే ఆర్థికవేత్త దీన్ని బయటపెట్టాడు. దేశం ఏడాదికి ఎంత పొగ, అంటే ఎంత కార్బన్ డయాక్సైడ్, వదలొచ్చో ముందే ఒక హద్దు గీస్తారు. ఆ మొత్తాన్ని కిలోల్లో యూనిట్లు చేసి, ఇళ్ళ వంతు వచ్చేదాన్ని పెద్దవాళ్ళందరికీ సమానంగా ఉచితంగా పంచుతారు. మిగిలింది కంపెనీలు, ప్రభుత్వ శాఖలు వేలంలో కొనుక్కోవాలి. బంకులో పెట్రోలు పోయించుకున్నా, కరెంటు బిల్లు కట్టినా డబ్బుతోపాటు యూనిట్లూ కోతపడతాయి. మిగిలినవి అమ్ముకోవచ్చు, చాలకపోతే కొనుక్కోవచ్చు. హద్దు ఏటేటా కిందికి దిగుతుంది.

2004లో కోలిన్ చాలెన్ అనే ఎంపీ దీని మీద పార్లమెంటులో ప్రైవేటు బిల్లు పెట్టాడు. అదే ఏడు మేయర్ హిల్మన్, టీనా ఫాసెట్ ఇలాంటి పద్ధతినే పుస్తకంగా రాశారు. 2006 జులైలో పర్యావరణ మంత్రి డేవిడ్ మిలిబాండ్ స్వయంగా కార్బన్ కార్డు గురించి మాట్లాడేసరికి పత్రికలన్నీ అందుకున్నాయి. 2008 మేలో ఆయన వదిలిపోయిన శాఖే లెక్కలు కట్టించి, ఇది కాలానికంటే ముందొచ్చిన ఆలోచన అని పక్కన పెట్టేసింది. ఏర్పాటుకు 70 కోట్ల నుంచి 200 కోట్ల పౌండ్లు, ఆ తర్వాత నడపడానికి ఏటా 100 నుంచి 200 కోట్లు అవుతాయని ఆ లెక్క. పార్లమెంటు పర్యావరణ కమిటీ మాత్రం అంత తొందరగా వదిలేయడం తప్పంది. వాదం అక్కడే ఆగి, వేడి పెరిగినప్పుడల్లా మళ్ళీ లేస్తోంది.

ఒక అపోహ ఇక్కడే తీసేయాలి. కార్డు వస్తే మటన్ కూరకూ కోత, చీరకూ కోత అని భయపెట్టేవాళ్ళు ఉంటారు. ఫ్లెమింగ్ పద్ధతిలో లెక్కకు వచ్చేవి ఇంధనం, కరెంటు మాత్రమే. మటన్ మీద పడే భారం దుకాణాల వాళ్ళు ధరలో కలిపి తీసుకుంటారు, అందులో కార్డుకు పనిలేదు.

అమ్ముకోలేని కోటా

అచ్చమైన రేషన్ ఇది. నీ వంతు ఇంత, అయిపోతే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ చేసింది. 1940 జనవరిలో పంచదార, వెన్న, పంది మాంసంతో మొదలై, 1954 జులైలో మాంసంతో ముగిసింది. జనం ఓర్చుకున్నారంటే కారణం, జమీందారూ కూలీ ఒకే పుస్తకం పట్టుకుని నిలబడ్డారు. పైగా యుద్ధం ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుంది. యుద్ధకాలంలో కూడా కోటా పెట్టని రొట్టెకు, యుద్ధం గెలిచాక 1946లో పెట్టారు. అప్పుడు చూడాలి కోపం. కార్బన్ కోటాకు గెలిచే రోజంటూ ఉండదు, ఏటేటా బిగుస్తూ పోతుంది. ఈ దారిని గట్టిగా సమర్థించేవాళ్ళు ఇవాళ వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. నేనూ ఇంతటితో వదిలేస్తున్నాను.

అమ్ముకునే కోటా, అంటే మా బావ కార్డు

మన దగ్గర రేషన్ బియ్యం కిలో ఇంతకని వీధిలో కొనుక్కుపోయే సైకిల్ వాళ్ళను చూసే ఉంటారు. అది నేరం, కేసులూ పెడతారు. ఫ్లెమింగ్ పథకంలో సరిగ్గా అదే పునాది. తక్కువ కాల్చే పేదవాడు మిగిలిన వాటా అమ్ముకుని నాలుగు డబ్బులు కళ్ళచూడాలి, ఎక్కువ కాల్చేవాడు ఆ డబ్బు కట్టాలి. చాటుగా జరిగేదాన్ని చట్టం చేసి ధర బోర్డు కట్టినట్టు. ఈ ఊహలో అందం ఉంది, ఒప్పుకుంటాను. బ్రిటన్ ప్రభుత్వం వేయించిన లెక్కల్లో కూడా తక్కువ ఆదాయం ఇళ్ళలో ఎక్కువ భాగం లాభపడతాయనే తేలింది. నష్టపోయేవాళ్ళలో మాత్రం మనసు కలుక్కుమనే వాళ్ళున్నారు. పైపు గ్యాసు రాని పల్లెలో, ఆయిల్ బాయిలర్‌తో వేడి చేసుకునే పాతకాలపు పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు. బాయిలర్ ఇంటి ఓనరుది, కోత పడేది అద్దెకున్నవాళ్ళ కార్డులో.

కార్డు మేలు ఇంకోటుంది. పన్నయితే ధర మన చేతిలో ఉంటుంది, పొగ ఎంత తగ్గుతుందో దాని ఇష్టం. కోటాలో పొగ మన చేతిలో, ధర దాని ఇష్టం. వాతావరణానికి కావాల్సింది రెండోదే అని బావ పాయింటు. మాటవరకు నిజమే. కానీ ఆ హద్దు గీసేది మనుషులు. ఐరోపా 2005లో కంపెనీలకు కార్బన్ కోటాలు మొదలుపెట్టినప్పుడు అవసరానికి మించి పంచేశారు. 2007కల్లా వాటి ధర దాదాపు సున్నా అయింది. మన పన్నెండు బండల కథే. అక్కడ ఒత్తిడి చేసినవి కంపెనీలు. కార్డు వస్తే ఓటున్న ప్రతి ఇల్లూ ఒత్తిడి చేస్తుంది. బండల కోటా పదహారు నెలల్లో రెట్టింపు కావడానికి ఏ ఉద్యమమూ అక్కర్లేకపోయింది.

ఇక యంత్రం సంగతి. మా ఊరి రేషన్ డిపోలో వేలిముద్ర మిషన్ వచ్చాక నాయనమ్మ వేళ్ళు పడేవి కావు. జీవితమంతా మిరపకాయలు కోసి, గిన్నెలు తోమి, గీతలు అరిగిపోయిన చేతులు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మళ్ళీ ఎడమ చెయ్యి, కొబ్బరినూనె రాసి తుడిచి ఇంకోసారి. డీలర్ మంచివాడే, "రేపు రా మామ్మా, సిగ్నల్ బాగుంటే పడుద్ది" అనేవాడు. నెలకొకసారి ఐదు కిలోల బియ్యానికే ఇంత తంతు. ప్రతి బంకులో, ప్రతి బిల్లులో, ప్రతి మనిషికీ ఖాతా తెరిచి కోత వేయాలంటే ఎంత యంత్రం కావాలి? బ్రిటన్‌లో పెద్దవాళ్ళే 5 కోట్లకు పైగా ఉన్నారు. 200 కోట్ల పౌండ్లని వాళ్ళు ఊరికే అనలేదు. ఎవరు ఎప్పుడు ఎక్కడ పెట్రోలు పోయించుకున్నారో ఒక చోట పోగుపడుతుంది. ఆ సమాచారం ఎవరి చేతిలో ఉంటుందన్న భయం కొందరికి పిచ్చిదనిపించవచ్చు, నాకైతే అనిపించదు.

కార్డు నిజంగా నడిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే కార్బన్‌తో పనిలేని ఒక ఉదాహరణ ఉంది. ఇరాన్ 2007 జూన్‌లో పెట్రోలుకు స్మార్ట్ కార్డు పెట్టింది, సొంత కారుకు నెలకు 100 లీటర్లు. అర్ధరాత్రి నుంచి అమలని ఆ రాత్రే ప్రకటించారు. టెహ్రాన్‌లో బంకులు తగలబడ్డాయి. 2010 డిసెంబరులో అదే ప్రభుత్వం ధరలు అంతకంటే దారుణంగా పెంచింది. ఈసారి ముందుగా ఇంటింటి బ్యాంకు ఖాతాలో మనిషికి నెలకు 45,500 తోమాన్లు వేసి, ఆ తర్వాత ధర ముట్టుకుంది. ఊళ్ళు ప్రశాంతంగానే ఉన్నాయి. 2019 నవంబరులో మళ్ళీ పాత బుద్ధే, రాత్రికి రాత్రి ధర, కోటా రెండూ. జనం వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో వందల మంది పోయారు. ఒకే దేశం, ఒకే సరుకు. డబ్బు ముందు పడిందా, ధర ముందు పెరిగిందా అన్నదే తేడా.

ఫిన్లాండ్‌లోని లాహ్తీ నగరంలో కూడా కార్బన్ కార్డు పెట్టారని ఎవరైనా చెబితే సగమే నమ్మండి. అది ఇష్టమైనవాళ్ళు ఫోన్లో వేసుకున్న యాప్. ప్రయాణాల వరకే లెక్క, కోటా దాటితే జరిమానా లేదు, మిగిలితే నగరంలో ఖర్చుపెట్టుకునే ఉత్తుత్తి యూరోలు. 2020లో కోవిడ్ వచ్చి ప్రయాణాలన్నీ ఆగిపోయాయి, ప్రయోగం కూడా ఆ ఏడాదితో సరి.

పన్ను వేసి, డబ్బు తిరిగి చేతికివ్వడం

ఇది అసలు పోటీ. ఇంధనం మీద టన్నుకింత అని పన్ను, వచ్చినదంతా ఇళ్ళకు సమానంగా వెనక్కి. ఎక్కువ కాల్చేవాడు తాను పొందేదానికంటే ఎక్కువ కడతాడు. కార్డు చేసే పంపిణీయే ఇదీ చేస్తుంది, కార్డు లేకుండా.

కెనడా పెద్ద ఎత్తున చేసింది. 2019లో టన్నుకు 20 డాలర్లతో మొదలై 2024 ఏప్రిల్‌కు 80 అయింది. లీటరు పెట్రోలుకు 17.6 సెంట్లు. వసూలైనదాంట్లో దాదాపు 90 శాతం ఇళ్ళకే వెళ్ళింది. ఆంటారియోలో నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 1,120 డాలర్లు. ఇంతా చేసి 2025 ఏప్రిల్ 1న ప్రధాని మార్క్ కార్నీ దాన్ని సున్నా చేశారు. ఎందుకు? బంకు దగ్గర ధర రోజూ కనిపిస్తుంది. వెనక్కొచ్చే డబ్బు మొదట్లో ఆదాయపు పన్ను రిటర్నులో ఒక గడిలో దాక్కుని ఉండేది. 2022లో మూడు నెలలకోసారి ఖాతాలో వేయడం మొదలెట్టినా, అదేం డబ్బో చాలామందికి అర్థం కాలేదు. పేరు మార్చి అర్థమయ్యేలా చేసేసరికి 2024 వచ్చేసింది. అప్పటికే ప్రతిపక్షం పన్ను తీసేస్తామని ఊరూరా తిరుగుతోంది. టొరంటోలో మనవాళ్ళనే అడిగి చూడండి, పెట్రోలు మీద పన్ను సంగతి అందరికీ తెలుసు, ఖాతాలో పడ్డ డబ్బు లెక్క కొందరికే తెలుసు.

స్విట్జర్లాండ్ 2008 నుంచి ఇళ్ళ వేడికి వాడే ఇంధనం మీద వసూలు చేస్తోంది, ఇప్పుడు టన్నుకు 120 ఫ్రాంకులు. మూడింట రెండొంతులు వెనక్కి వస్తుంది, ఇళ్ళ వంతును ఆరోగ్య బీమా బిల్లులోంచి తగ్గిస్తారు. చక్కని ఏర్పాటే, కానీ బీమా బిల్లులో ఆ వరుస చదివేదెవరు? ఇక ఫ్రాన్స్ పన్ను వేసి డబ్బు ఇళ్ళకు తిరిగి ఇవ్వనేలేదు. 2018 నవంబరులో పసుపు చొక్కాలు తొడుక్కున్న నిరసనకారులు రోడ్డెక్కారు, పెంపు ఆగిపోయింది.

మన దేశంలో కూడా ఇది సగం జరిగింది. 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయల సెస్సు పెట్టారు, 2016కి 400 అయింది. టన్ను బొగ్గు కాలిస్తే టన్నున్నర పైనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, టన్ను పొగకు సుమారు 250 రూపాయల పన్నన్నమాట. 2017 నుంచి ఆ డబ్బు జీఎస్టీ నష్టం పూడ్చడానికి రాష్ట్రాలకు పోయింది, 2025లో సెస్సే ఎత్తేశారు. ఆ పదిహేనేళ్ళూ కరెంటు బిల్లులో దాని భారం మోశాం. దాని పేరు మీద ఒక్క రూపాయి ఎవరి ఖాతాలోనూ పడలేదు.

పైన మూత, కింద వాటా

నా ఓటు దీనికి. ఐర్లాండ్‌లోని ఫీస్టా అనే చిన్న సంస్థ దీన్ని వివరంగా రాసింది, ఏ దేశమూ ఇంకా పూర్తిగా చేసి చూడలేదు. లెక్క బంకు దగ్గర కాకుండా గని దగ్గర, ఓడరేవు దగ్గర, రిఫైనరీ దగ్గర కడతారు. బ్రిటన్‌లో రిఫైనరీలు అర డజనుకు మించవు. ప్రతి మనిషికీ ఏటా ఒక వాటా పత్రం వస్తుంది. దాన్ని పోస్టాఫీసులోనో బ్యాంకులోనో అమ్మి డబ్బు తీసుకుంటాడు. ఆ పత్రాలు కొనకుండా కంపెనీ ఒక్క పీపా చమురు కూడా దేశంలోకి దించలేదు. హద్దు కార్డులో ఉన్నంత గట్టిగానే ఉంటుంది. నాయనమ్మ వేలిముద్ర ఏడాదికొకసారి పడితే చాలు. ఆ రోజు చేతికి డబ్బు వస్తుంది కాబట్టి నాలుగుసార్లు తిరిగినా తిరుగుతుంది.

మన తెలుగు రాష్ట్రాలకైతే ఇంకో కారణం కూడా ఉంది. వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు. చాలా బోర్లకు మీటరే లేదు. ఎవరి బోరు ఎన్ని యూనిట్లు లాగిందో తెలియనప్పుడు రైతు కార్డులో ఏం కోస్తారు? మీటర్లు పెడతామంటే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. సింగరేణి గని గేటు దగ్గర బొగ్గు తూకం మాత్రం ఎప్పుడూ ఉంది.

లోపం లేదని కాదు. హద్దు బిగిసిన ఏడాది ధర ఎగిరితే బంకు దగ్గర తిట్లు తప్పవు, కెనడా గతే పట్టొచ్చు. "నా ఖర్చు నాకు కనబడితేనే నేను మారతాను, కార్డు ఆ పని చేస్తుంది" అని బావ అంటే నా దగ్గర గట్టి జవాబు లేదు. కార్డు చూసి ఇళ్ళు మారతాయని చెప్పగలిగే పెద్ద ప్రయోగమూ లేదు.

మీ ఇంటి లెక్క ఒకసారి కట్టి చూడండి

ఏ దారికి ఓటేసే ముందైనా ఇది పనికొస్తుంది. లీటరు పెట్రోలుకు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. 14.2 కిలోల గ్యాస్ బండకు 42 కిలోలు. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలో. విజయవాడలో నలుగురున్న ఒక మామూలు ఇల్లనుకోండి. ఏడాదికి ఎనిమిది బండలు 340 కిలోలు, నెలకు 20 లీటర్ల పెట్రోలు 550, నెలకు 200 యూనిట్ల కరెంటు 1,680. మొత్తం రెండున్నర టన్నులు. గొడవంతా బండల మీద జరిగింది, పొగ మాత్రం ఏసీ, ఫ్రిజ్, ఫ్యాన్ల దగ్గరుంది. ఇప్పుడు కోడలి పురిటికి ఆ ఇంటి పెద్దవాళ్ళిద్దరూ అమెరికా వెళ్ళొచ్చారనుకోండి. మనిషికి రెండు టన్నుల పైమాటే, ఇద్దరికీ కలిపి నాలుగు దాటుతుంది. ఇల్లంతా ఏడాదిన్నర కాల్చినంత.

బర్మింగ్‌హామ్ లెక్క కూడా కట్టాం. బ్రిటన్‌లో మామూలు ఇంటికి ఏడాదికి 11,500 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) గ్యాసు, దాదాపు రెండు టన్నులు. లండన్ నుంచి హైదరాబాద్ వచ్చి వెళ్ళడానికి మనిషికి టన్ను పైనే, నలుగురికి నాలుగు టన్నులకు తక్కువ కాదు. ఒక్క సెలవుల ప్రయాణంలో రెండేళ్ళ బాయిలర్ పొగ. హిల్మన్ పద్ధతిలో విమానం కూడా లెక్కలోకి వస్తుంది, పిల్లలకు వాటా తక్కువ. ఫ్లెమింగ్ పద్ధతిలోనైతే పిల్లలకు వాటాయే లేదు. ఆ మాట చెప్పినప్పుడు ఫోన్లో కాసేపు బావ గొంతు వినబడలేదు.

అందుకే విమానాన్ని విడిగా చూడాలంటాను. 2014లో బ్రిటన్‌లో చేసిన సర్వేలో 15 శాతం మందే 70 శాతం విమాన ప్రయాణాలు చేస్తున్నారని తేలింది, సగం మంది ఆ ఏడాది విమానమే ఎక్కలేదు. పాస్‌పోర్టు నంబరు మీద టిక్కెట్ల లెక్క ఎలాగూ ఉంది. ఏడాదిలో మొదటి ప్రయాణం మామూలు ధరకు, రెండోదానికి అదనం, మూడోదానికి ఇంకా అదనం. దీనికి కొత్త కార్డేమీ అక్కర్లేదు.

ఎవరికి ఏది అంటారా. హద్దు దాటకూడదన్నదే మీకు ముఖ్యమైతే, యంత్రం మీద నమ్మకం ఉంటే, అమ్ముకునే కోటాను సమర్థించండి, కానీ ఆ హద్దును ఎన్నికల ముందు ఎవరూ ముట్టుకోకుండా ఏ కట్టడి పెడతారో అడగండి. త్వరగా మొదలవ్వాలి, ఉన్న పన్నుల శాఖతోనే నడవాలి అనుకుంటే పన్ను, తిరుగు డబ్బు చాలు. అక్కడ అడగాల్సింది ఒక్కటే, డబ్బు ఏ తేదీన, ఏ పేరుతో ఖాతాలో పడుతుందని. ధర పెరిగే తేదీ కంటే అది వెనకుంటే ఒప్పుకోకండి. హద్దు గట్టిగా ఉండాలి, నాయనమ్మను మాత్రం డిపో చుట్టూ తిప్పకూడదు అంటే నాతోపాటు వాటా వైపు రండి.

బావ ఇప్పటికీ కార్డు వైపే ఉన్నారు. సంక్రాంతికి టిక్కెట్లు తీసేశారట, నలుగురికీ.